మూజువాణికి పేరుండదు

2014 జనవరి 30న ఇక్కడ ఇంకా తెల్లారలేదు, అమ్మ ఫోన్ చేసింది. నేనూ నిద్రపోలేదు. లాప్‌టాప్‌లో హైదరాబాద్ చానెల్ పెట్టుకుని కూచున్నాను.

"టీవీల బిల్లు కొట్టేసిండ్రని చెప్తున్నరు బిడ్డా. మూజువాణి అంటున్నరు. అంటే ఏంది? మనోళ్లు ఎందరు, వాళ్లెందరు?"

"లెక్కపెట్టలేదమ్మా. అవునన్నోళ్లు అవునంటరు, కాదన్నోళ్లు కాదంటరు. ఏ చప్పుడు పెద్దగుంటే అది గెలిచినట్టు."

"లెక్కపెట్టకుంట ఎట్ల తెల్సింది?"

మా అమ్మ నాలుగో తరగతి దాటలేదు. ఆమె అడిగిన ఈ ప్రశ్నకు పదిరోజులుగా ఏ సమైక్యవాద మేధావీ జవాబు చెప్పలేదు. తెల్లారి ఆఫీసుకు పోతుంటే కారులో నా పక్కన కూచునే గుంటూరు మిత్రుడైతే తీర్పు కూడా ఇచ్చేశాడు. "అయిపోయింది గురూ. అసెంబ్లీ వద్దంది. ప్రజాస్వామ్యంలో అసెంబ్లీ కంటే పెద్దది ఏముంటుంది?" మంచివాడే. మొన్న సంక్రాంతికి వాళ్లింటి అరిసెలు మా ఇంటికి వచ్చాయి. అతనితో నాకు పేచీ లేదు. అతను నమ్ముతున్న ఆ "అసెంబ్లీ వద్దంది" అనే మాటతోనే పేచీ.

మూజువాణి ఆంధ్ర మాటా కాదు, సంస్కృతమూ కాదు. మన ఉర్దూ మాటే. మూ అంటే నోరు, జబాన్ అంటే నాలుక. మూజబానీ అంటే నోటిమాట. కచేరీల్లో కాగితం లేని సాక్ష్యాన్ని మూజువాణి సాక్ష్యం అనేవాళ్లు. కాగితం లేదు కాబట్టి రేపు మాట మార్చినా పట్టుకునేవాడుండడు. మూడున్నర కోట్ల మంది తెలంగాణ ప్రజల బతుకు మీద ఆ రోజు సభ ఇచ్చింది అలాంటి సాక్ష్యమే.

నేను రిచ్మండ్‌లో ఒక క్లయింట్ దగ్గర ప్రాజెక్టులో ఉన్నాను. వర్జీనియా రాజధాని ఇదే. ఆఫీసు నుంచి నడిచి పోయేంత దూరంలో థామస్ జెఫర్సన్ డిజైన్ చేసిన తెల్లటి క్యాపిటల్ భవనం ఉంది. ఏడాదిన్నరగా రోజూ దాని ముందు నుంచి పోతున్నా ఏనాడూ లోపలికి పోలేదు. పదమూడేళ్లుగా ఈ దేశంలో ఉండి చట్టసభ గ్యాలరీలో అడుగుపెట్టలేదంటే సిగ్గే. జనవరి 30 తర్వాత నాకు ఒక చట్టసభ మామూలు రోజున ఏం చేస్తుందో చూడాలనిపించింది. పండగరోజు కాదు, గవర్నర్ ప్రసంగం రోజు కాదు, ఉత్తి మామూలు రోజు. ఫిబ్రవరి 6, గురువారం, మధ్యాహ్నం లంచ్ ఎగ్గొట్టి పోయాను.

సెక్యూరిటీ దగ్గర బెల్టు తీయించారు, అంతే. పాస్ అక్కర్లేదు, ఎవరి ఉత్తరమూ అక్కర్లేదు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఒకసారి అసెంబ్లీ చూద్దామని నలుగురం పోతే ఎమ్మెల్యే సంతకం కావాలని గేటు కాడినుంచే పంపించారు. ఎమ్మెల్యే సంతకం మా దగ్గరుంటే మేం సిటీ బస్సులో ఎందుకు తిరుగుతాం?

ఇక్కడి దిగువ సభ పేరు హౌస్ ఆఫ్ డెలిగేట్స్. 100 మంది. ఎగువన సెనేట్, 40 మంది. రెండూ కలిపి జనరల్ అసెంబ్లీ. 1619లో జేమ్స్‌టౌన్‌లో మొదలైన సభ, ఈ ఖండంలోనే ఆగకుండా నడుస్తున్న వాటిలో అన్నిటికంటే పాతదని గొప్పగా చెప్పుకుంటారు. డెలిగేట్ జీతం ఏడాదికి 17,640 డాలర్లు. మన ఐటీ వాళ్ల భాషలో చెప్పాలంటే రెండు మూడు నెలల బిల్లింగ్. అందుకే అందరికీ వేరే పనులుంటాయి. వకీళ్లు, రైతులు, డాక్టర్లు, ఇన్సూరెన్సు ఏజెంట్లు. జనవరి రెండో బుధవారం వస్తారు, సరి సంవత్సరాల్లో 60 రోజులు, బేసి సంవత్సరాల్లో అంతకంటే తక్కువ రోజులు పని చేసి ఇళ్లకు పోతారు.

ప్రార్థన అయ్యింది, జెండా వందనం అయ్యింది, హాజరు అయ్యింది. హాజరు కూడా బటన్ నొక్కే. తర్వాత కాసేపు అతిథుల పరిచయం. ఏదో స్కూలు పిల్లలు గ్యాలరీలో లేచి నిలబడితే కింద పెద్దమనుషులంతా చప్పట్లు కొట్టారు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు నీలం కోట్లు వేసుకుని సభ్యుల మధ్య కాగితాలు మోస్తూ తిరుగుతున్నారు. పేజీలంటారు వాళ్లను. సభ మధ్యలో అంత చిన్నపిల్లలు నిర్భయంగా తిరగడం చూస్తే నాకు మన పోడియం, మన మార్షల్స్ గుర్తొచ్చారు.

ఇక అసలు పని. నిజం చెబితే చాలా బోరు. ఫలానా ఊరి చార్టర్‌లో ఒక మాట మార్చాలి. ఫలానా లైసెన్సు గడువు పెంచాలి. వర్జీనియాలో ఊళ్లకు సొంతంగా అధికారాలుండవు, ఏది కావాలన్నా రిచ్మండ్ రావాల్సిందే. ఎవరికీ అభ్యంతరం లేని బిల్లులన్నీ ఒక కట్టగా కట్టి ఒకేసారి ఓటుకు పెడతారు. గోడ మీద రెండు పెద్ద బోర్డులు, వాటి మీద వంద పేర్లు, పేరు పక్కన దీపం. పచ్చ అంటే అవును, ఎరుపు అంటే కాదు. సభాపతి అడగడం, దీపాలు వెలగడం, గుమస్తా లెక్క చదవడం, అర నిమిషం పట్టదు. ఆ కట్టలో వేసిన ఓటు కూడా సాయంత్రానికి ప్రతి బిల్లు పేజీలో విడివిడిగా, సభ్యుల పేర్లతో సహా నెట్‌లో ఉంటుంది. ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు, ఎవరు ఓటెయ్యలేదు. మనం రోజూ డేటాబేసులతో కుస్తీ పడేవాళ్లం, ఇదేం గొప్ప టెక్నాలజీ కాదని మనకు తెలుసు. ఒక టేబుల్, నాలుగు కాలమ్‌లు.

ఇది వాళ్ల మంచితనం కాదు, వాళ్ల రాజ్యాంగం రాసిన షరతు. వర్జీనియా రాజ్యాంగం నాలుగో అధికరణం 11వ సెక్షన్ ప్రకారం ఏ బిల్లయినా తుది ఓటింగులో ప్రతి సభ్యుడి పేరు, అతని ఓటు సభ జర్నల్లో ఎక్కాలి. ఎక్కకపోతే అది చట్టం కాదు. ఊరి చార్టర్‌లో ఒక మాట మార్చడానికి కూడా ఇదే షరతు.

ఆ రోజు గ్యాలరీ మామూలుగా లేదు. ఎటు చూసినా కొరియన్లు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, చర్చికి వచ్చినట్టు కోట్లు వేసుకుని కూచున్నారు. నాకు విషయం తెలియదు. పక్కాయన చెప్పాడు. స్కూలు పాఠ్యపుస్తకాల్లో జపాన్ సముద్రం అని ఉన్నచోట దానికి తూర్పు సముద్రం అనే పేరు కూడా ఉందని రాయాలట. బిల్లు నంబర్ 11. జపాన్ పాలనలో ఉన్నప్పుడు తమ సముద్రానికి తమ పేరు లేకుండా పోయిందని వాళ్ల బాధ. దీని మీద జపాన్ రాయబారి గవర్నర్‌కు ఉత్తరం రాశాడు. ఎంబసీ లాబీయిస్టులను పెట్టుకుంది. ఒక దేశం తన బలమంతా పెట్టింది రెండు మాటలు పడకుండా ఆపడానికి.

ఓటింగు పెట్టారు. 81 మంది అవును, 15 మంది కాదు. పక్కాయన కళ్లు తుడుచుకున్నాడు. ఫెయిర్‌ఫాక్స్ నుంచి బస్సులో వచ్చారట. "మా కౌంటీ డెలిగేట్ ఏమన్నాడో బోర్డు మీద చూశాను, పచ్చ" అన్నాడు. నేను ఇండియా నుంచి, తెలంగాణ అని చెప్పాను. అదెక్కడ అన్నాడు. మ్యాపులో ఇంకా లేదన్నాను. అతనికి వెంటనే అర్థమైంది, నవ్వాడు.

సముద్రం పేరు పక్కన ఇంకో పేరు రాయడానికి 96 మంది పేర్లు రాతకెక్కాయి. సరిగ్గా వారం కింద, మన రాష్ట్రం గురించి ఒక్క పేరూ ఎక్కలేదు.

ఇప్పుడు మన సభలో మామూలు రోజు చూద్దాం. పొద్దున ప్రశ్నోత్తరాలు, తర్వాత జీరో అవర్, సావధాన తీర్మానాలు, సభ ముందు పెట్టే కాగితాలు, ఆ తర్వాత బిల్లులు, పద్దులు. అజెండా కాగితం మీద వర్జీనియాకు ఏమాత్రం తీసిపోదు. జరిగేది వేరు. సభ మొదలవగానే వాయిదా తీర్మానం, అది తిరస్కరణ, పోడియం చుట్టూ సభ్యులు, గంట వాయిదా, మళ్లీ వచ్చాక ఇంకో వాయిదా, చివరికి రేపటికి వాయిదా. పోయిన ప్రశ్నల సంగతి? దానికి మన చట్టసభల్లో ఒక అద్భుతమైన వాక్యం ఉంది. సమాధానాలు సభ ముందుంచినట్లుగా భావించడమైనది.

భావించడం! ఈ ఒక్క క్రియతో ఎంత పాలన జరిగిపోతుందో మీకు తెలుసా? మా మేనమామది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నలభై ఏళ్లకే నడుము వంగిపోయింది. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేడు, ఒళ్లంతా తిప్పాలి. కొన్నేళ్ల కింద వాళ్ల ఊరికి మంచినీళ్ల పథకం ఎప్పుడొస్తుందని అక్కడి ఎమ్మెల్యే అసెంబ్లీలో ప్రశ్న వేశాడని తెలిసి, మామయ్య ఆ పొద్దంతా రేడియో, టీవీ ముందే కూచున్నాడు. సభ జరగలేదు. జవాబు సభ ముందుంచినట్లుగా భావించారు. తర్వాత ఎవరో ఆ కాగితం తెచ్చి చూపించారు. మొదటి భాగానికి "అవునండి", రెండో భాగానికి "పరిశీలనలో ఉన్నది", మూడో భాగానికి "ప్రశ్న ఉత్పన్నం కాదు". మామయ్య ఆ మూడోది రెండుసార్లు చదివించుకున్నాడు. "ప్రశ్న ఉత్పన్నం కాదంటే ఏందిరా, నేను పుట్టలేదన్నట్టా?" అన్నాడు.

పద్దులూ అంతే. వేల కోట్ల రూపాయల డిమాండ్లు, నీటిపారుదల, విద్య, వైద్యం, చివరి రోజున గిలెటిన్ కింద ఒకదాని వెనక ఒకటి చర్చ లేకుండా పాసైపోతాయి. అది కూడా మూజువాణే. మహబూబ్‌నగర్ ప్రాజెక్టుకు ఎంత రాశారు, ఎంత ఖర్చు పెట్టారు అని అడిగే రోజు అదొక్కటే. ఆ రోజూ చప్పుడే ఓటు. 294 మంది ఎన్నికైన సభలో తెలంగాణ సభ్యులు 119. 175 మంది అవతల. చప్పుడు ఎటు పెద్దగుంటుందో లెక్కల్లో గట్టివాడు కానక్కర్లేదు తెలుసుకోవడానికి.

ఈ ముప్పు 1956లోనే మన పెద్దలకు తెలుసు. అందుకే పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ప్రాంతీయ మండలి కావాలని రాయించుకున్నారు. చివరికి అది 371 అధికరణం కింద 1958లో ప్రాంతీయ సంఘంగా వచ్చింది. తెలంగాణ ఎమ్మెల్యేలు విడిగా కూచుని తమ ప్రాంతపు స్థానిక పాలన, విద్య, వ్యవసాయం, ఆరోగ్యం మీద మాట్లాడుకోగలిగిన ఒకే ఒక్క చోటు. లోపాలు లేవని కాదు, ఉన్నదల్లా అదే. 1973 ఆరు సూత్రాల పథకంతో దాన్నీ తీసేశారు. తీసేసి నలభై ఏళ్లు 175 చప్పుడును "సభ అభిప్రాయం" అన్నారు.

విభజన బిల్లుకు ఏం జరిగిందో మీరందరూ చూశారు. రాష్ట్రపతి పంపింది డిసెంబర్ 12న. సభ ముందుకు వచ్చింది 16న. గడువు జనవరి 23, ఆ తర్వాత అడుక్కుంటే ఇంకో వారం. సంక్రాంతి ముందు కొన్ని రోజులు, తర్వాత కొన్ని రోజులు. బిల్లు కాగితాలు చింపారు, కాల్చారు. చర్చ మొదలైందా లేదా అన్నదే పెద్ద చర్చ. నడుమ శాసనసభ వ్యవహారాల శాఖను తెలంగాణ మంత్రి చేతిలోంచి తీసి సీమాంధ్ర మంత్రికి ఇచ్చారు. తొమ్మిది వేలకు పైగా సవరణలు ఇచ్చారు. ఒక్కదాని మీదా ఓటు లేదు. ఆఖరుకు నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి 77వ నిబంధన కింద బిల్లును తిప్పి పంపాలని నోటీసు ఇచ్చారు. ఆయన మంత్రివర్గంలోని తెలంగాణ మంత్రులే దాన్ని వ్యతిరేకించారు. 30న స్పీకర్ నాదెండ్ల మనోహర్ గందరగోళం మధ్య ఆ తీర్మానం చదివారు, మూజువాణితో ఆమోదం పొందిందన్నారు, సభను నిరవధికంగా వాయిదా వేశారు. అదే రోజు మండలిలోనూ ఇదే తంతు. అరవై ఏళ్ల కొట్లాట మీద తీర్పుకు పట్టింది కొన్ని నిమిషాలు.

"ఓటింగ్ వద్దన్నది మీ తెలంగాణవాళ్లే కదా" అంటాడు మా గుంటూరు మిత్రుడు. అవును, అన్నారు. మూడో అధికరణం అడిగింది అభిప్రాయాలు. ఒక్కొక్క సభ్యుడు లేచి ఏమనుకుంటున్నాడో చెప్పాలి, అది రాష్ట్రపతికి పోవాలి. 175 మంది 119 మందిని ఓడించే ఆట కాదది. కానీ ఆరు వారాలు ఓటింగ్ కావాలి, ఓటింగ్ కావాలి అని పోడియం దద్దరిల్లేలా అరిచింది ఎవరు? సమైక్యవాదులే. చివరి రోజు ఓటు వాళ్ల చేతికే వచ్చింది. గెలిచే సంఖ్య వాళ్ల దగ్గరే ఉంది. మరి లెక్కపెట్టలేదెందుకు? మూజువాణిని సవాలు చేస్తే డివిజన్ పెట్టి తలలు లెక్కించడం చట్టసభల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. పద్నాలుగో ఏట పేజీగా తిరిగే పిల్లాడికి కూడా తెలిసిన సంగతి.

నా జవాబు ఇది. లెక్కపెడితే తీర్మానం నెగ్గేదేమో, కానీ ఒక జాబితా పుట్టేది. ఆ జాబితాలో కాంగ్రెస్ ఇటూ ఉండేది, అటూ ఉండేది. తెలుగుదేశం ఇటూ ఉండేది, అటూ ఉండేది. పార్టీని బట్టి కాదు, ఊరిని బట్టి ఓట్లు చీలాయని కాగితం మీద కనపడేది. అచ్చంగా 175కు 119 పడేదని నేను అనను. సీపీఎం మొదటినుంచీ కలిసుండాలనే అంటోంది, ఎంఐఎం మొదటి మాటా అదే. అయినా ఆ కాగితాన్ని ఢిల్లీలో ఎవరు చూసినా అడిగే ప్రశ్న ఒకటే. ఒక ప్రాంతం ఎమ్మెల్యేలు దాదాపు అందరూ పోతామంటుంటే, ఇంకో ప్రాంతం ఎమ్మెల్యేలు పోనివ్వమంటుంటే, దీన్ని సమైక్యం అని ఎలా అంటారు? చప్పుడుకు ఆ చిక్కు లేదు. చప్పుడుకు జిల్లా ఉండదు, నియోజకవర్గం ఉండదు. అందుకే "అసెంబ్లీ వద్దంది" అని హాయిగా అనొచ్చు.

ఇది కొత్త విద్య కూడా కాదు. 1955 చివర్లో హైదరాబాద్ అసెంబ్లీ ఫజల్ అలీ కమిషన్ నివేదిక మీద మాట్లాడింది. అప్పుడు 147 మంది మాట్లాడితే 103 మంది విశాలాంధ్ర కావాలన్నారని సమైక్యవాదులు ఇవ్వాళ్టికీ లెక్క చెప్తారు. అది ఓట్ల లెక్క కాదు, అభిప్రాయాల లెక్క. అందులో మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులు కూడా ఉన్నారు. ఏడాది తిరక్కుండా బొంబాయికీ, మైసూరుకూ పోయినవాళ్లు! ఇంట్లోంచి పోయేవాళ్లు ఇల్లు ఎవరికియ్యాలో చెప్పిపోయినట్టు. ఆనాడూ కలపడానికి అభిప్రాయం చాలింది. ఈనాడు విడిపోవడానికి మాత్రం తీర్మానం కావాలట.

ఇక్కడి సమైక్య మిత్రులు ఇంకో వాదన తెస్తున్నారు. అమెరికాలో పాత రాష్ట్రం ఒప్పుకోకుండా కొత్త రాష్ట్రం పుట్టదు, చూడండి వాళ్ల రాజ్యాంగం అని. చూశాం. అమెరికాలో రాష్ట్రాలు ముందు పుట్టాయి, అవి కలిసి దేశాన్ని చేసుకున్నాయి. కాబట్టి నాలుగో అధికరణంలో ఆ షరతు పెట్టుకున్నాయి. మన దగ్గర పార్లమెంటు చట్టంతో రాష్ట్రాలు పుట్టాయి. ఆంధ్రప్రదేశ్ పుట్టిందీ అలాగే. మూడో అధికరణం కింద అసెంబ్లీ అభిప్రాయం పార్లమెంటును కట్టిపడెయ్యదని 1959లోనే బాబూలాల్ పరాతే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక షరతు ఉన్న అమెరికాలో ఏం జరిగిందో ఈ వర్జీనియానే చెప్తుంది. కెంటకీ ఒకప్పుడు దీనిలో భాగం. పది కన్వెన్షన్లు పెట్టుకుని, వర్జీనియా ఒప్పుకుంటే, 1792లో రాష్ట్రమైంది. వెస్ట్ వర్జీనియా కథ వేరు. అంతర్యుద్ధం నడుమ రిచ్మండ్ సభ ససేమిరా అంటుందని తెలిసి, వీలింగ్‌లో ఇంకో ప్రభుత్వం కూచుని, మేమే వర్జీనియా, మేం ఒప్పుకుంటున్నాం అంది. 1863 జూన్ 20న రాష్ట్రం వచ్చింది. అప్పుల పంపకం కొట్లాట 1918 దాకా సుప్రీంకోర్టులో నడిచింది. ఇవ్వాళ రెండు రాష్ట్రాలూ పక్కపక్కనే ఉన్నాయి, ఎవరూ చచ్చిపోలేదు.

అమెరికా పాట పాడుతున్నానని అనుకునేరు. అప్పట్లో ఇక్కడి సబ్ కమిటీల్లో పేర్లు రాయకుండానే బిల్లుల గొంతు నులిమేవాళ్లని స్థానిక పత్రికలు తిడుతూనే ఉండేవి. ఇదే జనరల్ అసెంబ్లీ 1956లో, మనల్ని కలిపిన ఆ ఏడాదే, నల్ల పిల్లలు తెల్ల పిల్లలు ఒకే బడిలో కూచోకూడదని, కూచుంటే బడే మూసెయ్యాలని చట్టాలు చేసింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో 1959 నుంచి ఐదేళ్లు ప్రభుత్వ బడులకు తాళాలు వేశారు. అది కూడా మెజారిటీయే. కాకపోతే ఆ మెజారిటీ ఎవరెవరో పేర్లున్నాయి. మనవడు పోయి తాత పేరు వెతుక్కోవచ్చు.

మనవాళ్లు పోడియం ఎక్కలేదా? ఎక్కారు. ఈ నాలుగేళ్లలో సభ ఆగిన రోజుల్లో చాలావాటికి మనమూ కారణమే. నేనూ ఆ రోజుల్లో ఇక్కడ కూచుని చప్పట్లు కొట్టాను. ఆ రోజుల్లో పోయిన ప్రశ్నల్లో ఇంకెంతమంది మామయ్యల నీళ్లున్నాయో అప్పుడు ఆలోచించలేదు. గొంతు తప్ప వేరే దారి లేనివాడు గొంతే వాడతాడని సర్దిచెప్పుకుంటాను, పూర్తిగా సర్దుకోదు.

ఐదో తారీఖు నుంచి పార్లమెంటు సమావేశాలు మొదలయ్యాయి. బిల్లు ఇవ్వాళో రేపో పోతుంది. మన ఎంపీలను, ఢిల్లీ పెద్దలను కలుస్తున్న ఎన్నారై సంఘాల మిత్రులకు నాదొక్కటే మనవి. "అసెంబ్లీ తిరస్కరించింది" అని ఎవరు అన్నా పేర్లు చూపించమనండి. ఎంతమంది, ఎవరెవరు, ఏ నియోజకవర్గం. చూపించలేరు. ఇంకోటి కూడా చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. రేపు లోక్‌సభలో మన బిల్లు కూడా ఇదే గోలలో, ఇదే మూజువాణితో పాసవుతుందేమోనని నాకు భయంగా ఉంది. అట్ల వద్దు. ప్రతి ఎంపీ బటన్ నొక్కాలి, ప్రతి పేరూ బోర్డు మీద పడాలి. రేపు ఎవడూ "లెక్కపెట్టకుండా తెచ్చుకున్న రాష్ట్రం" అని మన పిల్లలను అనకూడదు. అట్లాగే వస్తే కాదంటావా అని అడిగితే మాత్రం, అనను. కళ్లకద్దుకుంటాను. ఇంతమంది పిల్లలు పోయినంక వద్దనే హక్కు నాకు లేదు.

గురువారం రాత్రి ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే ఆ కొరియా బిల్లు పేజీలో 81, 15 పేర్లతో సహా ఉన్నాయి. ఒక ప్రింటు తీసుకున్నాను. తర్వాత ఎందుకో మా ఊరి ఎమ్మెల్యే నంబర్‌కు ఫోన్ చేశాను. అక్కడ శుక్రవారం పొద్దున. పీఏ ఎత్తాడు.

"సార్ 30న తీర్మానానికి ఏమన్నడు?"

"కాదన్నడు సార్. గట్టిగ అన్నడు. నేను గ్యాలరీల ఉన్న."

"అది రికార్డుల ఉంటదా?"

కాసేపు ఏం మాట్లాడలేదు.

"గొంతు గుర్తువడితే ఉంటది సార్."